పటాన్‌చెరులో నా ముక్కు

విజయనగరం నుంచి సంగారెడ్డికి పెళ్లికి వెళ్తూ పటాన్‌చెరులో సిటీ బస్సు దిగాను. సంగారెడ్డి బస్సు కోసం నిలబడితే, అంతదాకా నా పక్క సీట్లో కూర్చున్న ఆవిడ అత్తరు కొట్టు ముందు నుంచి పిలిచింది.

"అక్కా, జెర ఇటు రాండ్రి. ఈ రెండిట్ల ఏది గట్టిదో చెప్పుండ్రి."

ఒక చేతికి ఊద్ అత్తరు, ఇంకో చేతికి గులాబ్ రాసుకుంది. రెండూ తల తిరిగేంత ఘాటు.

"మీ అత్తరు నేనెంచడమేమిటి? మీకు ముక్కు లేదా?" అన్నాను.

"ఉన్నది గని పనిచెయ్యది. పన్నెండేండ్ల సంది మందుల కంపెనీల పౌడర్ జల్లెడ పడుతున్న. మీది మంచిగ పనిచేస్తది. బస్సుల నా పక్కన కూసొని ముక్కుకు కొంగు పెట్టుకున్నరు గద!"

కొంగు చివర చటుక్కున నడుముకు దోపుకున్నాను.

"ఇయ్యాల మనుమరాలి తొట్టెల ఫంక్షన్ అక్కా. పోయినసారి వాసనొస్తున్నదని మా వియ్యపురాలు పిల్లను నా చేతికియ్యలే."

రెండు చేతులూ శ్రద్ధగా వాసన చూశాను. గులాబ్, మందుల కంపెనీ వాసనతో కలిసి పిల్లల దగ్గుమందులా ఉంది.

"ఊదే."

"ఇంక కంపెనీ వాసన ఒస్తున్నదా?"

"కొంచెం."

కొట్టాయన నన్ను గుర్రుగా చూశాడు. ఆవిడ మెడకు కూడా ఊద్ రాసుకుంది.

సంగారెడ్డి బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. ముందు సీటాయన వెనక్కి చూసి, ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

"ఊద్ వాసనకా, కంపెనీ వాసనకా?" అని ఆవిడ నా చెవిలో అడిగింది.

"ఊద్‌కే" అన్నాను, ఆయన్ని అడగకుండానే.