వింతల గదిలో ఆమెన్

సుందర్‌రాజ్ గారు ఎడిన్‌బర్గ్‌లో కేర్ హోమ్‌లో పనిచేస్తారు. ఆదివారం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో బైబిలు వాక్యం చెబుతారు. మిగిలిన సమయంలో ఓ చిన్న మ్యూజియంలో వింతల గదికి కాపలా. నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్ రాజులు చేతికందిన వింతనల్లా అల్మారాల్లో పేర్చి, వచ్చిన అతిథులకు చూపించి గొప్పలు పోయేవారట. ఆ గదిలో ఉన్నవి అలాంటివే: వెండి తొడిగిన కొబ్బరిచిప్ప, ఎండిన మొసలి, నిప్పుకోడి గుడ్డు. పక్కనే నిలబడీ నిలబడీ ఆయనకు అవన్నీ చుట్టాలైపోయాయి. కానీ గైడ్ అయితే కదా వాటి గురించి నోరు విప్పేది! కాపలావాణ్ణి జనం అడిగేది టాయిలెట్ ఎక్కడని.

గైడ్‌ని చేయమని అడగ్గా అడగ్గా చివరికి మ్యూజియం మేనేజర్ మోరాగ్ ఒప్పుకుంది. తెలుగువాళ్లకు తెలుగులో ఒక టూర్ చేసి చూపించమంది. భాష రాకపోయినా వెనక నిలబడి చూస్తుంది. బాగుంటే గైడ్ ఉద్యోగం. ఆయన పిలవగలిగింది మమ్మల్నే.

"ఈ పొడుగాటి కొమ్ము చూడండి! ఇది ఒంటికొమ్ము గుర్రానిదని రాజులు నమ్మారు. దీన్ని ముంచితే పానీయంలో విషం విరిగిపోతుందని నమ్మారు!"

గొంతు ఆదివారం గొంతే. చివర అదే సాగదీత. ఇంకేముంది, రోజమ్మ ఆంటీ అలవాటుగా "ఆమెన్!" అనేసింది. వెనకాలే మేమందరం.

ఆయన పళ్లు బిగబట్టారు. "అది అబద్ధం. నిజానికిది నార్వాల్ అనే తిమింగలం పన్ను!"

"ఆమెన్!"

మోరాగ్‌కు అర్థమైన మాట అదొక్కటే. ఆవిడ మొహం మారింది. అది చూసి సుందర్‌రాజ్ గారు ఇక ఆపండర్రా అన్నట్టు రెండు చేతులూ పైకెత్తారు. ఆయన చేతులెత్తితే మాకు ప్రార్థనే కదా. కొంగులూ చున్నీలూ తలల మీదికెక్కాయి. ఎండిన మొసలి కింద అందరం కళ్లు మూసుకుని తలలు వంచాం.

కళ్లు తెరిచేసరికి మోరాగ్ ఆయన్ను పక్కకు తీసుకెళ్లి మెల్లగా చెబుతోంది. ఇక్కడ మతప్రచారం కుదరదట. గైడ్ సంగతి తర్వాత చూద్దామట.

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఏంటన్నయ్యా, అంత కోపం?" అంది రోజమ్మ ఆంటీ.

"కొబ్బరిచిప్ప దాకా రానేలేదమ్మా నేను! ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు ప్రశ్న అడిగారా?"

"నువ్వు చెప్తుంటే మధ్యలో ప్రశ్నలా? మర్యాదేనా? పోన్లే, ఆ ఉద్యోగం నీకే రావాలని ఇప్పుడే ప్రార్థన చేద్దాం."

"వద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతా!" అంటూ ఆయన రెండు చేతులూ జోడించారు.

మేమందరం కళ్లు మూసుకున్నాం.