మజ్లిస్‌లో నెత్తళ్ళ వాసన

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ లోకంలో లేదు. ఎవరైనా అడగడమే ఆలస్యం, బుర్ర కంటే ముందు నోరు ఒప్పేసుకునేది. దోహాలో ఓ ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా కుదిరిన మొదటి చలికాలం అది. యజమానిని అందరిలాగే నేనూ బాబా అనేవాణ్ణి. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో ఆయన ముచ్చటపడి గోడకి కట్టెల పొయ్యి కట్టించాడు. పైకి పొగగొట్టం ఉంది గానీ, దుమ్ము రాకుండా తలుపులకీ కిటికీలకీ రబ్బరు బిగించిన గది, చీమ దూరే సందు లేదు. తలుపు మూస్తే మంట నీరసపడి పొగంతా మా మొహాన కొట్టేది. తీస్తే భేషుగ్గా మండేది, పెద్దబాబాకి (బాబా తండ్రి) మోకాళ్ళు పట్టేసేవి. "మాఫీ ముష్కిల్, ఏం పర్లేదు బాబా! పొయ్యికి బయటి గాలి కావాలి, అంతే. నేను చూసుకుంటా" అన్నాను. నా తొందర నాది. ఊళ్ళో నా పెళ్ళికి ముహూర్తం పెట్టేశారు, సెలవు మాత్రం బాబా నోట్లోంచి ఊడిపడటం లేదు. "శుక్రవారం చుట్టాలొస్తారు. పొగ రాకపోతే ఊరెళ్ళు" అన్నాడు.

పాత ఏసీ తీసేసిన కన్నానికి చెక్క బిగించి ఉంది. ఆ చెక్కకి బెజ్జం కొట్టి, స్టోర్‌లో పడున్న రేకు గొట్టాన్ని అందులోంచి దూర్చి, ఒక మూతి బయట సందులోకి, రెండోది పొయ్యి అడుగుకి పెట్టాను. తలుపు మూసి వెలిగిస్తే మంట లేచింది, పొగ బుద్ధిగా పైకెళ్ళింది. బాబా నా వీపు తట్టాడు. ఆ పూటకి నేను ఇంజనీరుని. (బయట మూతికి ఎదురుగా ఏముందో చూడాలని ఇంజనీరుగారికి తట్టలేదు.)

శుక్రవారం సాయంత్రం చుట్టాలొచ్చారు. ఊద్ ధూపం ఘుమఘుమలాడుతోంది, నేను గహ్వా కాఫీ పోస్తున్నాను. అంతలో ఆ ధూపంలోంచి నాకు బాగా తెలిసిన వాసన వచ్చింది. ఓరి దేవుడో! మా గోదారి జిల్లా వంటక్క, అతిథుల వంట ముగించి, తన కోసం ఎండు నెత్తళ్ళు వేయిస్తోంది. బయటి వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను సరిగ్గా నా గొట్టం మూతిలోకే ఊదుతోంది. పొయ్యి తాగినంత తాగి మిగతాది చుట్టాలకి పంచుతోంది. పాపం, మర్యాదస్తులు, ఒకరి పాదాల వైపు ఒకరు దొంగచూపులు చూసుకుంటున్నారు. "షినూ హాదా?" ఇదేంటని బాబా గుడ్లురిమాడు.

కాఫీ కూజాతోనే వంటగదికి పరిగెత్తాను.

"అక్కా, ఆపక్కా! నా పెళ్ళి మాడిపోతోంది!"

"మాడేది నీ పెళ్ళి కాదురా, నా నెత్తళ్ళు. పక్కకి తప్పుకో!"

వెనక కర్ర చప్పుడు. పెద్దబాబా! కుర్రతనంలో పడవల మీద తిరిగిన మనిషి, ముక్కు ఎగబీలుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. "సమక్?" అన్నాడు. చేపలేనని నీళ్ళు నమిలాను. మూకుడు వైపు కర్ర చూపించి, పళ్ళెం నా చేతే మోయించి, మజ్లిస్‌లో అందరి మధ్యా పెట్టించాడు. అక్క కోసం ఒక్కటి మిగిలితే ఒట్టు. (ఆవిడ నాతో వారం మాట్లాడలేదు.) బాబా వేళ్ళు తుడుచుకుంటూ "యల్లా, ఊరెళ్ళు. ఇవి మాత్రం తేవాలి" అన్నాడు.

తెచ్చాను. పెట్టె నిండా నెత్తళ్ళే. కొత్త పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటూ కట్టిచ్చిన సున్నుండల డబ్బా ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆ దెప్పు ఇప్పటికీ ఫోన్లో వింటూనే ఉన్నాను. పెద్దబాబా ఇప్పుడు లేడు. గొట్టం మూతి ఆ శుక్రవారం మర్నాడే అవతలి గోడకి మార్చేశాను. అయినా చలికాలం మొదట్లో పొయ్యి వెలిగించేటప్పుడు వంగి ఓసారి వాసన చూస్తాను. మంచి చల్లగాలే వస్తుంది. అంతా తెలుసనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను, కొంచెం ఆకలి కూడా వేస్తుంది.