స్లాబ్ కింద స్టూలు

పెద్ద మేస్త్రికి కోపం వస్తే సైటులో కాకి కూడా వాలదని పనివాళ్లు అంటుంటారు. ఆ రోజు వచ్చింది మామూలు కోపం కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? మూడో అంతస్తు స్లాబ్ వేసి పదకొండు రోజులే అయింది. ఇరవై ఒక్క రోజులు నిండేదాకా కింద దన్నుగా నిలిపిన సెంట్రింగ్ కర్రలు ముట్టుకోవద్దని ఆయన నలభై ఏళ్లుగా అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. అలాంటిది, ఆ సాయంత్రమే సెంట్రింగ్ విప్పేయమని పెద్దకొడుకు హుకుం జారీ చేశాడట! ఆ కర్రలు ఇంకో సైటుకు కావాలట! సెంట్రింగ్ మేస్త్రి ఇంటికొచ్చి ఈ మాట చెప్పాడు.

"అయ్యా, మీ పెద్దబ్బాయిగారికి ఎదురు చెప్పలేను. మీకు చెప్పకుండా విప్పనూ లేను."

పెద్ద మేస్త్రి పుట్టుకతో యజమాని కాదు. తట్టలు మోసి, తాపీ పట్టి పైకొచ్చినవాడు. పంతొమ్మిదేళ్లప్పుడు అన్నతో కలిసి ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడు. ఆ మహానుభావుడు తొమ్మిదో రోజే కర్రలు లాగించాడు. లాగమన్నవాడు గేటు బయట గొడుగు కింద నిలబడ్డాడు. లాగిన అన్న స్లాబ్ కింద పోయాడు. "వాడి టైము బాగాలేదు" అని కాంట్రాక్టరు ఒక్క ముక్కలో తేల్చేసి టీ తెప్పించుకున్నాడు. ఛీ, అదీ ఒక పుట్టుకేనా!

సొంతంగా పని పట్టగానే పెద్ద మేస్త్రి ఒక ఇనుప స్టూలు చేయించాడు. కర్రలు తీసే ప్రతిసారీ స్లాబ్ నడిమధ్య దాన్ని వేసుకుని కూర్చునేవాడు. "పోతే అందరం పోదాం, తీయండ్రా!" అని కేకేసేవాడు. చివరి కర్ర తీసేదాకా లేచేవాడు కాదు. ఇంటికెళ్తే భార్య చెడామడా తిట్టేది. జనం మాత్రం ఆ స్టూలును చూసే ఆయన చేతికి ఇళ్లు అప్పగించారు. కంపెనీ పెరిగింది.

కొడుకులు చదువుకుని వచ్చి ఆ స్టూలును ఏం చేశారనుకున్నారు? ఆఫీసు ముందుగదిలో అద్దాల పెట్టెలో పెట్టి పైన లైటు బిగించారు. వచ్చినవాళ్లందరికీ దాని కథ చెప్పి మురిసిపోవడం, దాని మీద కూర్చోవడం మాత్రం మానేయడం! మోకాళ్ల నొప్పులంటూ పెద్ద మేస్త్రి కూడా మూడేళ్లుగా సైటు మొహం చూడలేదు. అందులో తన తప్పూ ఉందని తెలుసు గనకే ఆయన ఒళ్లు మరీ మండిపోయింది.

నేరుగా ఆఫీసుకు వెళ్లాడు. తాళంచెవి ఎక్కడని ఎవర్నీ అడగలేదు. పేపర్‌వెయిట్ తీసుకుని అద్దం భళ్లున పగలగొట్టాడు. స్టూలు చంకన పెట్టుకుని సైటుకొచ్చి, కర్రల మధ్య దారి చేసుకుంటూ వెళ్లి, స్లాబ్ నడిమధ్య వేశాడు.

పెద్దకొడుకు పరుగెత్తుకొచ్చాడు. "నాన్నా, నేను లెక్కలన్నీ చూసుకున్నాను. ఏమీ కాదు."

"ఏమీ కాదు కదా? అయితే కూర్చో."

"నలుగురిలో ఏంటి నాన్నా ఇది?"

"మీ పెదనాన్న పోయింది కూడా నలుగురిలోనే. కూర్చోరా!"

కొడుకు కూర్చున్నాడు. మొహం మాడ్చుకుని పైకి చూశాడు. పెద్ద మేస్త్రి సెంట్రింగ్ మేస్త్రి చేతిలోని సుత్తి లాక్కుని పక్కనున్న కర్ర మీద ఠక్కున ఒక్కటి వేశాడు. కర్ర కదల్లేదు. పైనుంచి కాస్త దుమ్ము రాలింది, అంతే. కొడుకు ఒక్క ఎగురు ఎగిరి గోడ దగ్గర పడ్డాడు. స్టూలు బోర్లాపడింది.

"ఆగండి! ఎవరూ ముట్టుకోకండి! ఇంకో పది రోజులు ఉంచండి!"

పనివాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. సాయంత్రం ఆ కర్రలు లాగాల్సిన ఆరుగురూ అక్కడే నిలబడి ఉన్నారు.

"భేష్!" అన్నాడు పెద్ద మేస్త్రి. "ఇప్పుడు వచ్చిందిరా నీకు లెక్క! కింద నీ తల ఉంటే ఇరవై ఒక్క రోజులు. వీళ్ల తలలుంటే పదకొండు."

కొడుకు వంగి స్టూలును లేపి నిలబెట్టి, దాన్ని తీసుకెళ్లబోయాడు.

"దాన్ని అక్కడే ఉంచు," అన్నాడు తండ్రి. "పదో రోజు పొద్దున్నే రా. కూర్చునేది నువ్వే."