నంద్యాలలో మబ్బు పట్టిన రోజు

నంద్యాల కాలేజీకి ఆళ్ళగడ్డలో ఒక చిన్న శాఖ ఉండేది. అక్కడి ల్యాబులో అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డులతో డిప్లొమా అమ్మాయిలకు పాఠం చెప్పేదాన్ని. ఒక్కో బోర్డుకూ ఒక మెమరీ కార్డు కావాలి. బోర్డు లేచి పని మొదలుపెట్టడానికి కావలసిందంతా అందులోనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా ఆ కార్డులు పాడయ్యేవి, బాగున్నవి ఎవరి ఫోన్లలోకో చేరేవి. విసుగొచ్చి, అసలు కార్డులే వద్దన్నాను. ఫైళ్ళన్నీ ఒక సర్వర్లో పెడితే, స్విచ్ వేయగానే బోర్డులన్నీ నెట్టు గుండా దాన్నే అడిగి, అక్కడి ఫైళ్ళతోనే లేస్తాయి, నడిచినంతసేపూ వాటితోనే నడుస్తాయి.

యాజమాన్యం సగం ఒప్పుకుంది. కార్డులు తీసేశారు. సర్వర్ మాత్రం నంద్యాలలో తాళం వేసిన గదిలో పెట్టారు. విలువైనదేదైనా అక్కడ తాళం కింద ఉంటేనే మావాళ్ళకు నిద్ర పడుతుంది. మనుషులం ఒక ఊళ్ళో, పొయ్యి ఇంకో ఊళ్ళో, మధ్యలో నెట్టుది నత్తనడక. స్విచ్ వేసి టీ తాగి వచ్చినా బోర్డు ఇంకా లేస్తూనే ఉండేది. ఫైళ్ళ నకలు ఆళ్ళగడ్డలోనే పెట్టుకుంటానని నంద్యాల గదిలో పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి అడిగాను. పెద్దసారు సరేనన్నారు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. గది తాళం పెట్టుకున్న ఆఫీసు మేనేజరు, "ఈడుండేది ఈడ్నే ఉండాల మేడం" అన్నాడు, అంతే.

ఆ ఏడు ల్యాబు చూడ్డానికి తనిఖీ అధికారి వస్తున్నాడని తెలిసింది. ఆయన బాగుందంటే ల్యాబు ఆళ్ళగడ్డలో ఉంటుంది, లేదంటే నంద్యాలకు పోతుంది. నాకేం, బస్సెక్కి పోతాను. నా దిగులంతా రుద్రవరం నుంచి వచ్చే ఒక అమ్మాయి గురించి. వాళ్ళ నాయన కూలి పని చేస్తాడు. ఒక ఆదివారం చర్చి బయట నేను బతిమాలితే ఆళ్ళగడ్డ వరకే పంపడానికి ఒప్పుకున్నాడు. "నంద్యాలంటే మాన్పిస్తా మేడం. ముందే చెప్తాండా."

తనిఖీ రోజు ఆళ్ళగడ్డలో మాడు పగిలే ఎండ. బోర్డులన్నీ లేచాయి. ఆ అమ్మాయి తన బోర్డుకు మట్టిలో తేమ కొలిచే పరికరం తగిలించింది. కుండీలో నీళ్ళు పోస్తే తెర మీద అంకె మారుతుందని అధికారికి చెప్పి, నీళ్ళు పోసింది. అంకె మారలేదు. అన్ని తెరలూ ఒకేసారి బిగుసుకుపోయాయి. కాసేపటికి అన్నిటి మీదా ఒకటే వరుస వచ్చింది: సర్వర్ జవాబివ్వడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను.

నంద్యాలకు ఫోన్ చేస్తే మేనేజరు ఎత్తాడు.

"మబ్బు పట్టింది మేడం. ఉరుములు ఉరుమ్తాండాయి. గదిలో మెయిన్ ఆపేసినా."

"అన్నా, ఈడ తనిఖీ జరుగుతాంది. వేయన్నా."

"మిషను కాలిపోతే ఎవురు జవాబు చెప్పాల? మబ్బు పోనీ."

ఆయన చెడ్డవాడు కాడు. ఉరిమితే మెయిన్ ఆపేయడం మా వైపు ఇంటింటా ఉన్న అలవాటే, మా ఇంట్లో ఆపేది నేనే. అయినా ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. అధికారి మర్యాదగానే కూర్చున్నాడు, టీ తాగాడు, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయి చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

ల్యాబును నంద్యాలకు మార్చేశారు. నేను రుద్రవరం పోయి ఆ తండ్రిని మళ్ళీ అడిగాను. ఆయన కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, మాట మాత్రం మార్చుకోలేదు.

నంద్యాలలో సర్వర్ పక్క గదిలోనే బోర్డులు బిగించాం. స్విచ్ వేసి నేను కుర్చీలో కూర్చునేలోపే అన్నీ లేచాయి. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"బోర్డులు ఆడ బేగా లేస్తాండాయా మేడం?"

"లేస్తాండాయమ్మా."

"నా బోర్డు కాడ ఎవురు కూచుంటాండారు?"

"ఎవురూ లేరమ్మా" అన్నాను.

ఆ రోజుకు అది నిజమే. మర్నాడు అక్కడ ఇంకో అమ్మాయి కూర్చుంది. ఆమెది కాలేజీ వెనక వీధే, నడిచి వస్తుంది.