గాలి ట్యాంకుకు పడవ మాసిక

మా లారీ యుద్ధానికి వెళ్ళొచ్చిందని నేను ఉద్దానంలో చెప్పని ఊరు లేదు. మంచుకొండల మీదికి మందుగుండు మోసిందని, డ్రైవరు ప్రాణం పోయినా తనంతట తానే కొండ దిగి వచ్చిందని, తలుపు కింద ఉన్న మూడు సొట్టలూ శత్రువుల తూటాలవని చెప్పేవాణ్ణి. టీ కొట్ల దగ్గర పిల్లలు ఆ సొట్టల్లో వేలు పెట్టి చూసుకునేవారు. నిజం ఏమిటంటే, మిలట్రీవాళ్ళు పనికిరావని కండెం చేసిన బళ్ళ వేలంలో దాన్ని కొన్న రోజున లోడు బల్లల సందుల్లో మాకు దొరికింది కందిపప్పు, ఎండిపోయిన ఉల్లిపొరలు. ఏదో డిపోలో వంటసరుకులు మోసుకుని బతికిన బండి అది. సొట్టలు మా దగ్గరికి వచ్చాక పడ్డవే. సంతబొమ్మాళిలో బావ టీ తాగుతుంటే నేను స్టీరింగు పట్టి, వెనక్కి తీస్తూ ఎవరిదో అరుగుకు గుద్దించాను.

బండిలో సగం నాది, సగం మా బావది. బావ అంటే మా చెల్లెలి మొగుడు. పెళ్ళికి ముందు నుంచీ మేమిద్దరం ఒకే పడవ మీద వేటకు వెళ్ళినవాళ్ళం. ఆ తర్వాత అతనికి కిడ్నీలు పోయాయి. మా వైపు ఈ మాట చెబితే ఎవరూ ఎలా పోయాయని అడగరు, ఎప్పటి నుంచి అని అడుగుతారు. సముద్రం మీదికి వెళ్ళకూడదు, వల లాగకూడదు అన్నారు డాక్టర్లు. కూర్చుని చేసే పని అతనికి తెలిసింది ఒక్కటే, డ్రైవింగు. అందుకే ఆ బండి కొన్నాం.

ఇసుకలో వేరే లారీలు కూరుకుపోయే చోటికి మాది వెళ్ళేది. తీరం నుంచి ఇంజన్లు, వలలు, చేపల పెట్టెలు తెచ్చేవాళ్ళం. తోటల నుంచి జీడిపిక్కలు పలాస చేరవేసేవాళ్ళం. వారానికి రెండుసార్లు బావకు పలాసలో డయాలసిస్ ఉండేది. పిక్కల లోడు ఆ రోజులకే కుదుర్చుకునేవాళ్ళం. అతను ఆసుపత్రిలో బెడ్డు మీద ఉంటే నేను బస్తాలు దింపించి, బండి దగ్గర కూర్చునేవాణ్ణి. లోడు లేకపోతే డీజిలు లేదు, డీజిలు లేకపోతే బెడ్డు లేదు. బండిలో నా పని ఏమిటని అడిగితే ఓనరునని చెప్పేవాణ్ణి. నిజానికి నా పని పక్క సీటులో కూర్చుని మాట్లాడటం. బావ వినేవాడు. అతనికి అదంటే ఇష్టమనే నేను అనుకున్నాను.

ఆ బండికి బ్రేకు గాలితో పడుతుంది. ఇంజను తిరుగుతుంటే గాలి ట్యాంకులోకి ఎక్కుతుంది, డ్రైవరు ముందున్న మీటరులో ముల్లు లేస్తుంది. ముల్లు బాగా పడిపోతే బజరు మోగుతుంది. మోగిందంటే బ్రేకు మీద ఆశ వదులుకోవాలి. మొదట రెండు ట్యాంకులు ఉండేవట. ఒకటి ఎప్పుడో పోతే, ఎవరో దాని పైపు మూసేసి వదిలేశారు. మాకున్నది మిగిలిన ఒక్కటే.

అది కారడం మొదలుపెట్టిన రోజు బండి మా ఊళ్ళోనే, పడవలు ఆరబెట్టే చోట ఉంది. ఇంజను ఆపగానే కింద నుంచి తాచుపాము బుస కొట్టినట్టు వినిపించిందని తర్వాత నేను చాలామందికి చెప్పాను. అంత లేదు. సైకిలు ట్యూబు పంచరైతే వచ్చే చప్పుడు. బావ సబ్బు నురగ తెచ్చి ట్యాంకు అడుగున పూశాడు. అతుకు పొడుగునా అన్నం ఉడుకుతున్నట్టు బుడగలు లేచాయి.

"ట్యాంకు పోనాది బావా," అన్నాడు. "రేపు ఆసుపత్రికి నాను బస్సుకెల్లిపోతాను. బండి ఉండనీ. పలాసలో పాత ట్యాంకేదైనా దొరుకుతాదేమో సూసొత్తాను."

"రేపటికి లోడు ఒప్పుకున్నాం గదా. పిక్కలాగుతాయేటి?"

"పిక్కలాగుతాయి బావా. బండే ఆగదు."

చుట్టూ పడవల వాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురు ఉన్నచోట నా నోరు నా మాట వినదు. నడిసంద్రంలో, తాటిచెట్టంత కెరటాల మధ్య, పడవకు పడ్డ కన్నాన్ని ఒంటి చేత్తో మూసి అయిదుగురి ప్రాణాలు కాపాడిన కథ ఎత్తుకున్నాను. ఇనప ట్యాంకు ఒక లెక్కా అన్నాను. ఆ కథలో సముద్రం మోకాలి లోతు. కన్నం మూసింది బావ. నేను పట్టుకున్నది రెజిన్ జిగురు డబ్బా. అతను నా పక్కనే నిలబడి మొత్తం విన్నాడు.

కథ అయ్యాక నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు. "పడవకి నీరు బయట్నుంచి తోత్తాది. మాసిక మరింత అంటుకుంటాది. దీనికి గాలి లోపల్నుంచి తోత్తాది గదా బావా."

"ఆసుపత్రిలో పడుకుని మరీ ఎక్కువ సదివీసినావు," అన్నాను.

పడవల వాళ్ళు నవ్వారు. ఒకడు, "సూది మందుకి బయపడనోడు గాలికి బయపడతన్నాడేటి మావా," అన్నాడు. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నాడనుకున్నాను.

ఫైబరు పడవలకు మేం చేసే పద్ధతే చేశాను. గరుకు కాగితంతో తుప్పు గీకి, రెజిన్‌లో గట్టిపడే మందు కలిపి, ఫైబరు గుడ్డ మీద గుడ్డ వేసి పూశాను. పని మాత్రం బాగా చేశాను, అందులో గొప్ప చెప్పుకోవడం లేదు. ఎండకు రాయిలా బిగిసింది. ఇంజను వేసి గాలి నింపితే సాయంత్రం దాకా ముల్లు కదల్లేదు. దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి ఆ ముల్లును చూపించాను.

చెల్లెలు టీ తెచ్చింది. వంగి బండి కింద చూసింది.

"ఇది నిలుత్తాదా అన్నా?"

"నీ మొగుడి కంటే గట్టిది," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. బావ టైరు మీద చెయ్యి వేసి అటు తిరిగి నిలబడ్డాడు.

తెల్లారి లోడెత్తుకుని బయల్దేరాం. తోటల్లో దారి, తర్వాత హైవే. ముల్లు నిలిచే ఉంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పలాస దగ్గర పడుతుంటే బావ, "ముల్లు దిగుతున్నాది," అన్నాడు.

"మీటరు పాతది. ఏలితో కొట్టు."

కొట్టాడు. ముల్లు ఇంకాస్త దిగింది.

"పక్కకి ఆపీమంటావా బావా?"

"ఆపీసి ఏటి సేత్తావు? ఆసుపత్రి అల్లదిగో. నీకు టైమవుతన్నాది."

రైలు పట్టాల మీది ఫ్లైఓవరు ఎక్కాం. దిగుతుండగా కింద నుంచి అప్పడం విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. వెంటనే బజరు మోగింది. బావ బ్రేకు తొక్కాడు. పాదం చివరిదాకా వెళ్ళిపోయింది, బండి వేగం తగ్గలేదు. ముందు, దిగుడు చివర ఒక బస్సు ఆగి ఉంది. ఆడవాళ్ళు బుట్టలు దింపుకుంటున్నారు.

ఆ తర్వాత జరిగింది నేను ఎన్నో రకాలుగా చెప్పాను. నడుస్తున్న బండిలోంచి దూకానని, చక్రం కింద బండరాయి తోశానని, ఆ రాయి పిండి అయిపోయిందని చెప్పాను. నేను చేసింది కళ్ళు మూసుకుని బావ చొక్కా పట్టుకోవడం. అతని చెయ్యి గేరు మీదికి పోకుండా అడ్డం పడ్డాను కూడా. అతను మోచేత్తో నన్ను తోసేసి, గేర్లు ఒకటొకటిగా దించి, హారను మీద చెయ్యి తీయకుండా, బండిని ఎడమకు తిప్పి, కాలవ పనికి పోసిన ఇసుక గుట్టలోకి ఎక్కించాడు. ముందు చక్రాలు మునిగాయి. బస్తాలు రెండు పగిలి పిక్కలు రోడ్డంతా దొర్లాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంజను ఆగిపోయింది. బావ స్టీరింగు వదల్లేదు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నా బెడ్డు ఇంకొకలికి ఇచ్చీసుంటారు," అన్నాడు, అంతే.

ఇచ్చేశారు. మర్నాడు రమ్మన్నారు. అప్పటికే ముందు రోజు నుంచి బావ కాళ్ళు ఉబ్బి ఉన్నాయి.

బండి కిందికి దూరిన మెకానిక్కు నా మాసికను చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. "తాతా, ట్యాంకుకి సొక్కా కుట్టించినావేటి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాసిక ఎక్కడా చిట్లలేదు. ట్యాంకు అడుగు ఆకారంలో, చిప్పలా, మొత్తంగా ఊడి వచ్చింది. పడవకైతే ఏళ్ళ తరబడి నిలిచేది. అది అక్కడే పడెయ్యమంటే, అతను బండిలోకి విసిరాడు. పొరపాటున ఇంటిదాకా వచ్చింది. చెల్లెలు దాన్ని అక్కడే చూసింది.

ఆ రోజు బావ పలాసలో ఆసుపత్రి వరండాలోనే ఉండిపోయాడు, ఊపిరి ఆడక, కూర్చునే. మర్నాడు బెడ్డు దొరికాక తేలికపడ్డాడు. నేను వెళ్ళలేదు. బండి దగ్గర కాపలా ఉండాలని చెప్పాను. ఇసుకలో దిగబడ్డ బండిని ఎవరు ఎత్తుకుపోతారు?

అతన్ని ఇంటికి తెచ్చాక చెల్లెలు మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం బయటే నిలబడింది.

"అన్నా, ఇకమీద నువ్వా బండెక్కొద్దు."

"సగం బండి నాది గదమ్మా."

"సగం నీదే. నీ సగం నీకొత్తాది, ఎవులూ తినీరు. ఆయన పక్క సీట్లో మాత్రం నువ్వుండొద్దు."

"ఆడు సెప్పమన్నాడేటి?"

"ఆయనెప్పుడు సెప్పినాడు గనక? నలుగుర్లో నువ్వు నవ్వించితే ఆయనా నవ్వుతాడు. ఒద్దని ఒకసారంటాడు, రెండోసారి అనడు. నువ్వు ఆయన్ని అననియ్యవు. నీ కబుర్లకి నా పుస్తెలు తాకట్టెట్టలేను."

సముద్రం మీద మేమిద్దరం పడ్డ కష్టాలు చెప్పబోయాను. ఒక్క మాట కూడా పూర్తి కాలేదు.

"అయన్నీ నాకు తెలుసు. ఏవి నువ్వు సేసినావో, ఏవి ఆయన సేసినాడో కూడా తెలుసు. పెళ్ళైన కాడ్నుంచి తెలుసు," అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ నా అబద్ధాలు వాళ్ళింట్లో అబద్ధాలుగానే తెలిసి ఉన్నాయని నాకప్పుడు తెలిసింది. వాళ్ళు నా మీద దయతో విన్నారు. నమ్మారనుకుని నేను ఇంకా ఇంకా చెప్పాను. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక కొన్నాళ్ళు చెల్లెలి మీద తెచ్చుకున్నాను. ఆడదానికి బండి గురించి ఏం తెలుసు అని కూడా రెండు మూడు చోట్ల అన్నాను. అది రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అయినా కోపం మొత్తం పోలేదు.

ఏదో పాత బస్సుది ట్యాంకు ఒకటి సంపాదించి బావ బిగించుకున్నాడు. బండి తిరుగుతోంది. నేను ఎందుకు మానేశానని అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెబుతాను. బండి ఎత్తు, ఎక్కలేకపోతున్నాను, బావ బతిమాలుతున్నాడు గాని నేనే వద్దన్నాను అంటాను.

మొన్న పలాస వెళ్దామని హైవే మీద ఆటో కోసం నిలబడ్డాను. బండి వచ్చింది. నన్ను చూసి బావ బ్రేకు వేశాడు. ఎక్కడ ఆపాలనుకున్నాడో అక్కడే ఆగింది. నేను కూర్చునే సీటులో ఒక పిక్కల బస్తాను నిలబెట్టి, పడిపోకుండా తాడుతో కట్టి ఉంచాడు.

"బాగున్నావా బావా," అన్నాడు పైనుంచి.

"బాగున్నాను. నువ్వెలగున్నావు?"

"ఉన్నాను."

బస్తా వైపు చూశాడు, నా వైపు చూశాడు. తాడు ముడి మీద చెయ్యి వేశాడు. విప్పుతాడనుకున్నాను. బిగుతుగా ఉందో లేదో చూసుకుని చెయ్యి తీసేశాడు.

"బెడ్డు టైమవుతన్నాది బావా," అన్నాడు.

"ఎల్లు, ఎల్లు. నాకు ఇక్కడ పనున్నాది," అన్నాను.

వెనకాలే ఆటో వచ్చింది. అప్పటికే నిండిపోయి ఉంది. "ఆ మిలట్రీ బండి నీదే గదా తాతా, ఎక్కలేదేటి?" అన్నాడు ఆటోవాడు.

"మోకాళ్ళు రా," అన్నాను.

లోపల చోటు లేదు. వెనక మెట్టు మీద ఒక కాలు మోపి, కమ్మీ పట్టుకుని, పలాస దాకా నిలబడే వెళ్ళాను.