నేను ముంచిన గునపం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌లో కొత్తగా చేరాను. ఉక్కును కాచి చల్లార్చడంలో మూడు నెలల శిక్షణ కూడా అయింది (ఆ సర్టిఫికెట్‌ను అమ్మ దేవుడి పటం పక్కనే తగిలించింది). ఆదివారాలు రైలెక్కి, దగ్గర్లోని కోటా అనే ఊళ్ళో ఉన్న కమ్మరి తాత కొలిమికి వెళ్ళేదాన్ని. ఆయన అమ్మకు దూరపు బాబాయి. శ్రీకాకుళం నుంచి వచ్చి, చుట్టుపక్కల రైతులకు గునపాలు, పారలు చేస్తూ అక్కడే ముసలివాడయ్యాడు. కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఆ సంగతి తెలిస్తే రైతులు రారని నాకొక్కదానికే చెప్పాడు. గునపాన్ని ఎర్రగా కాచి, మొన సాగగొట్టి, కొసను మాత్రం నీళ్ళలో ముంచి తీసేవాడు. పై వేడి కిందికి దిగుతుంటే కొస మీద రంగులు మారతాయి. ఎండుగడ్డి రంగు పోయి వంకాయ రంగు రాగానే మళ్ళీ ముంచాలి. అప్పుడే మొన వంగదు, విరగదు. ఆ రంగు చూసి చెప్పడమే నా పని.

ఒక ఆదివారం, బావి తవ్వుకుంటున్న ఒక రైతమ్మ కోసం గునపం చేస్తున్నాడు. "వంకాయ రంగొచ్చిందేటే?" అని అడిగాడు. "ఇవన్నీ పాతకాలం పద్ధతులు తాతా, నాకొదిలెయ్" అని గునపం లాక్కుని, మళ్ళీ ఎర్రగా కాచి, జానెడు మేర ఒక్కసారిగా నీళ్ళలో ముంచేశాను. సుయ్‌మంది. "రంగు సూసినావా?" అన్నాడు. "చూశాను" అన్నాను. (చూడలేదు.)

మరుసటి ఆదివారం ఆ రైతమ్మ నుదుటికి కట్టుతో వచ్చింది. రాతి మీద రెండో పోటుకే మొన విరిగి, ముక్క ఎగిరి కనుబొమ్మ మీద తగిలిందట. ఆమె అందించిన గునపం కోసం తాత చెయ్యి పక్కకు పోయింది. "చూపు లేనప్పుడు చెప్పాలి కదా బాబా! ఇంకాస్త కిందికి తగిలితే నా కన్ను పోయేది!" అని అరిచింది. తాత విరిగిన చోట వేలితో తడిమాడు. ఆయనకు అంతా అర్థమైపోయింది. "గల్తీ నాదే బాయీ" అని తప్పంతా తన మీద వేసుకున్నాడు. నేను కొలిమి తిత్తిలో ఏదో పాడైనట్టు దాన్నే పరీక్షిస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత రైతులు ఒక్కొక్కరే రావడం మానేశారు.

నెల రోజులు నిద్ర పట్టక, చివరికి ఆ రైతమ్మ ఇంటికి వెళ్ళి నిజం చెప్పేశాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "అచ్ఛా, తాత పరువు కోసం తప్పు నీ మీద వేసుకుంటున్నావా బేటీ? ఇలాంటి మనవరాలు ఎవరికుంటుంది!" అంది. నేను ఒట్లు పెట్టిన కొద్దీ ఆమె మెచ్చుకోలు పెరిగింది. ఆఖరికి పాదు మీది సొరకాయ కోసి నా చేతిలో పెట్టి పంపింది. ఊరంతా నాకు మంచిపేరు వచ్చింది. విషయం చెబితే తాత చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నిజం సెప్పినా నమ్మనేదంటే, నీ మొకం ఎంత మంచిదో!" అన్నాడు. కొలిమి మాత్రం మళ్ళీ వెలగలేదు.

ఇప్పుడు షెడ్‌లో కొత్తవాళ్ళు నా ప్రతి మాటకూ తలూపుతుంటే భయమేస్తుంది. తిట్లు తినడానికి వెళ్ళి, చంకలో సొరకాయతో కోటా స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే నవ్వూ వస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.