తమ్ముడు మార్పించిన సీటు

నలభై దాటాక నేను రోడ్ సైకిల్ ఎక్కాను. వరంగల్‌లో మాది జంపఖానాల దుకాణం. కొత్తవాడ మగ్గాల మీద నేసిన సరుకు తెచ్చి అమ్ముతాం. పొద్దంతా గద్దె మీద కూర్చుని మోకాళ్లు పట్టేస్తుంటే సైకిల్ తొక్కమని డాక్టర్ చెప్పారు. అప్పుడే మా తమ్ముడు కొత్త సైకిల్ కొనుక్కుని పాతది నాకిచ్చాడు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్. మొదటి రోజు ములుగు రోడ్డు మీద గాలి చెవుల్లో హోరుమంటుంటే చిన్నపిల్లలా నవ్వుకుంటూ తొక్కాను.

ఆ నవ్వు వారం నిలవలేదు. తమ్ముడు నాకంటే బాగా పొడుగు. వాడి సైకిల్ హ్యాండిల్ అందుకోవాలంటే నేను పూర్తిగా వంగి చేతులు చాచాలి. కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కేవి. సీటు మరీ సన్నం. ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. స్నానం చేస్తే నీళ్లు తగిలి ప్రాణం విలవిల్లాడేది.

ఆదివారాలు తమ్ముడితో కలిసి తొక్కే బృందంలో అందరూ మగవాళ్లే. ఎక్కడ నొప్పో వివరించలేక, కూసుంటే నొస్తాందని వాడికి చెప్పాను.

"కొత్తల అందరికి అట్లనే ఉంటదక్కా, అలవాటైతది. చక్రాలు బరువున్నయ్. తేలికవి ఏపిచ్చు, జర ఈజీ అయితది" అన్నాడు.

తేలిక చక్రాలు వేయించాను. సైకిల్ వేగం పెరిగింది. పుండ్లు తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో బేరం లేనప్పుడు ఫోన్‌లో వెతికాను. కూర్చున్నప్పుడు బరువు మోసే ఎముకలు రెండుంటాయని, వాటి మధ్య దూరాన్ని బట్టి సీటు ఎంచుకోవాలని, ఆడవాళ్లకు ఆ దూరం తరచుగా ఎక్కువుంటుందని అందులో ఉంది. అట్టపెట్టె ఒకటి చింపి మెట్టు మీద పరిచి, దాని మీద గట్టిగా కూర్చుని లేచాను. అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. టేపు పెట్టి కొలిచాను. తమ్ముడి సీటు ఆ రెండు గుంటల మధ్యలోనే ఆగిపోతోంది. అంటే ఇన్నాళ్లూ నా బరువంతా ఎముకల మీద కాకుండా మెత్తని కండ మీద పడింది. దాన్నే తమ్ముడు అలవాటైతదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వెడల్పు సీటు తెప్పించాను. హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్కను స్టెమ్ అంటారు. అది కూడా పొట్టిది తెప్పించాను. హన్మకొండలో సైకిళ్ల దుకాణం యజమాని వాటిని బిగిస్తూ "లుక్ ఖరాబైతది మేడం" అన్నాడు. కానీయమన్నాను. విప్పిన పాతవి తమ్ముడికే తిరిగి ఇచ్చేశాను. మర్నాడు ధర్మసాగర్ దాకా పోయి వచ్చాను. దిగి మామూలుగా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లాను. ఏడుపొచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు బృందమంతా పాకాల చెరువు దాకా పోవాలనుకున్నారు. బ్రేకులు చూడమని సైకిల్ అదే దుకాణంలో ఇచ్చాను. శనివారం సాయంత్రం తెచ్చుకోవడానికి వెళితే దానికి మళ్లీ పాత సన్న సీటు, పొడుగు స్టెమ్ ఉన్నాయి.

"ఇదేంది? నా సీటేది?"

"మీ తమ్ముడొచ్చి పాతయి ఇచ్చి మార్చుమన్నడు మేడం. మీకు ఎర్కే అనుకున్న. మీయి ఆయనే తీస్కపోయిండు."

"సైకిల్ ఎవలిది?"

యజమాని సైకిల్‌ను నా వైపు తిప్పి పెట్టాడు.

సైకిల్ నెట్టుకుంటూ తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడు వాకిట్లో తన సైకిల్ తుడుచుకుంటున్నాడు.

"రేపు అందరం ఫొటోలు దిగుతం గదక్కా. గా సీటుతోని కూరగాయల బండి లెక్క కనవడతాంది. నన్ను నవ్వుతాండ్రు. ఒక్క రోజుకే గదా" అన్నాడు.

"పాకాల దాంక పోయి అచ్చేది నేను. దాని మీద కూసునేది నేను."

"జర ఓర్సుకోవాలె. మేం ఓర్సుకుంటలేమా?"

"మీకు నెత్తురు కారుతాందా?"

వాడు తల దించుకున్నాడు. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గేయలేదు. గొంతు విని అమ్మ లోపలినుంచి వచ్చింది.

"సైకిల్ సీటు కోసం తమ్మునితోటి కొట్లాడుడేంది బిడ్డా? వాడకట్టంత ఇనవడతాంది."

"ఇననీయ్. సీటు గాదమ్మా, నా ఒళ్లు. నా ఒంటికి ఏది సరిపోతదో నన్ను అడగకుండ వీడు జెప్పుడేంది?"

అమ్మ లోపలికి వెళ్లి మంచం కింది నుంచి ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. నా సీటూ స్టెమ్మూ అందులోనే ఉన్నాయి.

మళ్లీ దుకాణానికి వెళ్లేసరికి యజమాని షట్టర్ దించబోతున్నాడు. "బిగియ్యి. ఎట్ల బిగిస్తవో నేను చూస్త" అన్నాను. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో, ఎంతవరకు బిగించాలో అడిగి అడిగి నేర్చుకున్నాను. ఆ బోల్టులు తిప్పే పానాల సెట్టు ఒకటి కొనుక్కునే బయటపడ్డాను. ఆ తర్వాత నా సైకిల్ ఏ దుకాణంలోనూ వదలలేదు.

ఆదివారం పాకాల వెళ్లాను. తమ్ముడూ వచ్చాడు కానీ ముందెక్కడో తొక్కాడు. నర్సంపేట దాటాక బృందంలో ఒకాయన నా పక్కకు వచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు: "అక్కా, నాక్కూడ మెడ గుంజుతది. గా ముక్క పొట్టిదేస్తే తగ్గుతదా?" నా సీటును చూసి నవ్విన వాళ్లలో ఆయనా ఉన్నాడు. చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పాను, కొంచెం కటువుగానే.

తమ్ముడు ఇంతవరకు తప్పయిందని అనలేదు. మా దుకాణానికి వస్తే చాయ్ తెప్పిస్తాను, తాగి పోతాడు. సైకిల్ మాట ఎత్తితే మాత్రం ఇప్పటికీ నా గొంతు హెచ్చుతుంది. వాడు చాయ్ సగంలో వదిలేసి లేస్తాడు.